పెళ్ళికళ బటన్

మా చెల్లెలు పద్దెనిమిది రోజులు పనికి రాలేదని మందుల గోడౌను వాళ్ళు కాగితం పంపారు. ఆ పద్దెనిమిది రోజులూ అది పొద్దున్న తొమ్మిదింటికల్లా గోడౌనులోనే ఉంది. సాయంత్రం ఆరు దాకా నిలబడి మందు సీసాలకు చీటీలు అంటించింది. ఆ సీసాల పెట్టెల మీద దాని పని నంబరు కూడా ఉంది. అయినా రాలేదట! ఇరవై రోజులు నిండితే పేరు జాబితాలోంచి దానంతట అదే పోతుందట. కాగితం కింద ఎవరి సంతకమూ లేదు. ‘ఇది యంత్రం తయారుచేసిన ఉత్తరం, సంతకం అక్కర్లేదు’ అని రాసి ఉంది. చదవగానే అరికాలి మంట నెత్తికెక్కింది నాకు.

“ఇన్నాళ్ళూ ఏం చేస్తున్నావే? నోట్లో నాలుక లేదా?” అని ముందు దాని మీదే కేకలేశాను. నా కోపం ఎప్పుడూ అంతే, ఎదురుగా ఎవరుంటే వాళ్ళ మీద పడుతుంది.

“చెప్పానక్కా. నేను పని చేస్తున్నట్టు సూపర్‌వైజరుకీ తెలుసు. మిషన్ ఒప్పుకోకపోతే తనేం చేయలేనంటున్నాడు,” అంది.

అంతకుముందు వాళ్ళు గేటు దగ్గర రిజిస్టరులో సంతకం పెట్టి లోపలికి వెళ్ళేవాళ్ళు. నెల క్రితం గోడకు పలకంత మిషన్ ఒకటి బిగించారు. మనిషి వెళ్ళి దాని ముందు నిలబడాలి. అది ముఖం చూసి, తన దగ్గరున్న ఫోటోతో పోల్చుకుంటుంది. ఆ మనిషేనని నమ్మకం కుదిరితే పచ్చ లైటు వేసి తలుపు తీస్తుంది, కుదరకపోతే ఎర్ర లైటు. ఈ ఇరవై రెండు పనిరోజుల్లో మా చెల్లెలికి నాలుగంటే నాలుగు రోజులు పచ్చ లైటు వెలిగింది. మిగతా రోజుల్లో కాపలా ఆయన జాలిపడి లారీలు వచ్చే గేటులోంచి వదిలాడు. అలా వెళ్ళినవాళ్ళు పని చేసినా రానట్టే లెక్క.

ఆ ఉద్యోగం దానికి ఊరికే రాలేదు. భర్త పోయాక ఇద్దరు పిల్లలతో, ఆరేళ్ళు రోజుకూలీగా చేసి, పోయిన ఏడాదే పర్మనెంటు చేయించుకుంది. పర్మనెంటు అయిన రోజు అది నవ్విన నవ్వు నాకింకా గుర్తుంది. అలాంటి ఉద్యోగాన్ని గోడకు బిగించిన ఓ పలక ఊడగొడుతుందా?

పైగా ఆ మిషన్‌లో ఉన్న ఫోటోలు అల్లాటప్పా ఫోటోలు కావు. గోడౌనులో పనిచేసే రెండు వందల అరవై మందికీ ఫోటోలు తీసింది మా స్టూడియోనే. స్టూడియో మా బావగారిది, అంటే మా ఆయన అన్నగారిది. కెమెరా పని ఆయనది, కంప్యూటర్ పని నాది. పంతొమ్మిదేళ్ళుగా ఆ కుర్చీలో కూర్చుని ముఖాలు సరిచేస్తున్నాను. ఆ ఫోటోల్లో ఒక్కొక్కటీ ముత్యంలా వచ్చింది. కాబట్టి తప్పు మిషన్‌దేనని నాకు ఏ మూలా అనుమానం లేదు.

మర్నాడు పొద్దున్న దానితో పాటు నేనూ గేటు దగ్గరికి వెళ్ళాను.

గోడ వారగా పాతిక ముప్ఫై మంది ఆడవాళ్ళు వరస కట్టి ఉన్నారు. ముందు నిలబడ్డ పెద్దావిడ చేతిలో పౌడరు డబ్బా ఉంది. ఒక్కొక్కరూ వచ్చి చెయ్యి చాపుతున్నారు, ఆవిడ అరచేతిలో ఇంత పౌడరు వంపుతోంది. వాళ్ళు దాన్ని నుదుటికీ బుగ్గలకీ ముక్కుకీ దట్టంగా పట్టించుకుని మిషన్ ముందుకు వెళ్తున్నారు. పచ్చ లైటు వెలిగితే హమ్మయ్య అనుకుని లోపలికి పరిగెత్తి, అక్కడున్న కుళాయి దగ్గర ముఖం కడిగేసుకుంటున్నారు. మందుల దగ్గరికి పౌడరు ముఖంతో రాకూడదని లోపల ఇంకో రూలు! చామనఛాయ వాళ్ళూ, తెల్లటివాళ్ళూ ఆ వరస పక్కనుంచే ఆగకుండా నడిచి వెళ్ళిపోతున్నారు. వరసలో ఉన్నవాళ్ళంతా మా చెల్లెలిలా నల్లటివాళ్ళు.

“ఏంటమ్మా ఇది?” అన్నాను డబ్బా పట్టుకున్నావిడతో.

“మిషన్‌గారికి మా ముఖాలు నచ్చట్లేదమ్మా. నా పెళ్ళికి కూడా ఇంత పౌడరు రాయలేదు,” అందావిడ. వరసంతా గొల్లుమంది. నాకు నవ్వు రాలేదు, ఒళ్ళు మండిపోయింది.

మా చెల్లెలు ముందు ఉత్త ముఖంతోనే మిషన్ ముందు నిలబడింది, ఎర్ర లైటు వచ్చింది. తర్వాత అందరిలా పౌడరు రాసుకుంది. ఎర్ర లైటు. ఇంకాస్త రాసుకుంది. మళ్ళీ ఎర్ర లైటే. డబ్బా ఆవిడ తనే దగ్గరికి పిలిచి, పిండిలో ముంచి తీసినట్టు చేసి పంపింది. అయినా మిషన్ ఒప్పుకోలేదు. వెనక నిలబడ్డవాళ్ళు ఒక్కొక్కరే తలుపు దాటి వెళ్ళిపోతుంటే, ఇది పక్కకు జరిగి నిలబడింది.

“పంతొమ్మిది,” అంది మెల్లగా.

నేను తిన్నగా మేనేజరు గదిలోకి వెళ్ళాను. కూర్చోమన్నాడు, కూర్చోలేదు.

“మనుషులు ముఖానికి సున్నం కొట్టుకుని పనికి రావాలా అండీ? ఇది మందుల గోడౌనా, నాటకాల కంపెనీయా? నల్లగా ఉన్నవాళ్ళు మీ మిషన్ కంటికి మనుషుల్లా కనపడరా? పొద్దున్నుంచి సాయంత్రం దాకా ఒళ్ళు హూనం చేసుకున్న మనిషిని రాలేదని రాయడానికి మీకు చేతులెలా వచ్చాయి?” అని చెడామడా దులిపేశాను. బయట గుమాస్తాలు పని మానేసి వింటున్నారు. వింటే విననీ అని గొంతు ఇంకాస్త పెంచాను.

మేనేజరు నేను ఊపిరి తీసుకునేదాకా ఆగాడు.

“అమ్మా, మిషన్‌కి నలుపూ తెలుపూ తెలీదు. దానికిచ్చిన ఫోటోలో ఉన్న మనిషి వస్తే తీస్తుంది, లేకపోతే లేదు. ఇంత గొడవ ఎందుకొస్తోందో మాకూ అంతుపట్టట్లేదు,” అన్నాడు.

“ఆ ఫోటోలకేం, బంగారంలాంటి ఫోటోలు. నా చేత్తో నేను చేసినవి!”

“మీరు చేసినవా?” అని ఆయన కంప్యూటర్ తెరను నావైపు తిప్పాడు. “అయితే మీరే చూసి చెప్పండి.”

తెర మీద రెండు బొమ్మలున్నాయి. కుడివైపుది ఆ రోజు పొద్దున్నే, పౌడరు రాసుకోకముందు, గేటు మిషన్ తీసింది. మా చెల్లెలే. నిద్ర చాలని కళ్ళు, నిగనిగలాడే నల్లటి బుగ్గలు, ఎడమ కంటి కింద మచ్చ. నాకు ఏడేళ్ళప్పుడు దాన్ని చంకనెత్తుకుని గడప తట్టుకుని పడ్డాను. ఆ మచ్చ అప్పటిది.

ఎడమవైపుది మా స్టూడియో ఫోటో. కింద పేరుంది కాబట్టి అది మా చెల్లెలని తెలిసింది. తెల్లటి కాగితం మీద రెండు కళ్ళూ, రెండు కనుబొమలూ, ఒక నోరూ అతికించినట్టుంది. బుగ్గలు లేవు. ముక్కు ఎక్కడ మొదలై ఎక్కడ ఆగిందో తెలియడం లేదు. మచ్చ అసలే లేదు.

“ఇద్దరూ ఒకరేనంటారా?” అని అడిగాడు మేనేజరు. వెటకారంగా కాదు, నిజంగానే అడిగాడు. అప్పటిదాకా గదంతా దద్దరిల్లేలా అరిచిన నేను కుర్చీ లాక్కుని కూర్చున్నాను.

కొత్త ఫోటోలు ఎక్కించడానికి తనకేం అభ్యంతరం లేదన్నాడు. అయితే పాతవి తప్పని వాటిని ఇచ్చినవాళ్ళే రాసివ్వాలట. ఊరికే ఫోటోలు మారిస్తే, ఒకరి ఉద్యోగంలోకి ఇంకొకరిని పంపుతున్నారని పైవాళ్ళు అనుమానపడతారట. “మీ చెల్లెలిది మాత్రం రేపు తొమ్మిదిలోపు కావాలి. ఆ తర్వాత పేరు పోతే తిరిగి ఎక్కించడం నా చేతుల్లో లేదు,” అన్నాడు.

స్టూడియోకి వచ్చి నా కుర్చీలో కూర్చుని దాని ఫోటో తెరిచాను.

ఈ పని నాకు నేర్పింది మా మామగారు. నేర్పిన కొత్తలోనే నా కంప్యూటర్ వెనక గోడకు పొడుగాటి అట్ట ఒకటి అంటించారు. దాని మీద పది గళ్ళు. మొదటి గడి బొగ్గంత నలుపు, పదో గడి కాగితమంత తెలుపు, మధ్యలో మెల్లమెల్లగా తేలికపడే బూడిద రంగులు. “ఏ ఫోటో అయినా ఈ పది గళ్ళేనమ్మా. మొదటి గడి కిందకి జారిపోయిందీ కనపడదు, పదో గడి దాటిపోయిందీ కనపడదు. ముఖాలుండేది మధ్య గళ్ళలో. ఒకళ్ళది మూడో గడి, ఒకళ్ళది ఏడో గడి. ఎవరి గడిలో వాళ్ళని ఉండనియ్యి,” అనేవారు. కంప్యూటర్లో అదే సంగతిని చిన్న గ్రాఫు చూపిస్తుంది. ఎడమ చివర నలుపు గోడ, కుడి చివర తెలుపు గోడ, ఏ వెలుతురు ఎంత ఉంటే అక్కడ అంత ఎత్తు గుట్ట.

ఆయన పోయాక ఆ అట్ట మీద క్యాలెండరు తగిలించాను.

ఎందుకంటే వచ్చేవాళ్ళంతా “కాస్త తెల్లగా రావాలండీ” అనే అడిగేవాళ్ళు. ప్రతి ఫోటోకీ నీడలు కాస్త లేపి, అంటే తెల్లబరిచి, మధ్య రంగులు బాగా లేపి, వెలుగులు ఇంకాస్త లేపి, విసుగొచ్చి అవన్నీ కలిపి ఒకే బటన్ కింద పెట్టాను. అది ఎలాంటి ముఖాన్నయినా తీసుకొచ్చి ఎనిమిదో గడిలో కూర్చోబెడుతుంది. మొదటిసారి చూసి బావగారు మురిసిపోయి దానికి పెళ్ళికళ అని పేరు పెట్టారు. మిగతా స్టూడియోల వాళ్ళు ఆ కిటుకేమిటో చెప్పమని నా చుట్టూ తిరిగారు. నేను చెప్తేనా!

ఇప్పుడు ఆలోచిస్తే చిన్నపిల్లలకైనా అర్థమయ్యే లెక్క అది. ఏడో గడి మనిషి ఎనిమిదిలోకి వెళ్తే ఒక్క మెట్టు. పోల్చుకోవచ్చు. మూడో గడి మనిషిని ఎనిమిదిలోకి లాగితే అయిదు మెట్లు. ఆ ఫోటోతో పోల్చి చూసే మిషన్ కాదు, కన్నతల్లి అయినా తడబడుతుంది. నేను రెండు వందల అరవై మందినీ వరసగా ఎంచుకుని, ఆ బటన్ నొక్కి, టీ తాగడానికి వెళ్ళాను.

ఒక్క మా చెల్లెలి ఫోటో మాత్రం ఎనిమిదో గడిలో కూడా ఆగలేదు. గుట్టంతా వెళ్ళి తెలుపు గోడకు గుద్దుకుని నిలువునా లేచింది. బుగ్గ మీద ఎక్కడ కొలిచినా 255 అనే వచ్చింది. అంతకు మించి తెలుపు లేదు, అందులో ఇంకేమీ లేదు. ముదురు చేసి చూశాను. బుగ్గ నల్లబడలేదు, బూడిద పూసినట్టయింది. మచ్చను వెతికాను, దొరకలేదు. మార్చిన ఫోటోని పాతదాని మీదే సేవ్ చేసేయడం, పని ఇచ్చేశాక కెమెరా కార్డు తుడిచేయడం మా అలవాటు, జాగా మిగలాలని. అసలు ఫోటో ఎక్కడా లేదు.

దానిదొక్కటే అలా ఎందుకైందో నాకు గుర్తొచ్చింది. అప్పుడు ఎవరికీ చెప్పలేదు.

బావగారు రాగానే విషయమంతా చెప్పి, తప్పు మాదేనని స్టూడియో ముద్ర వేసి రాసిద్దామన్నాను.

“మన గొయ్యి మనమే తవ్వుకుందామా? రేపు ఈ సంగతి బయటికి పొక్కితే స్కూళ్ళ వాళ్ళు, ఆఫీసుల వాళ్ళు ఎవరైనా మన గుమ్మం తొక్కుతారా?” అన్నారాయన. “మిషన్‌దే తప్పని గట్టిగా నిలబడు. అయినా మనం అడగని పని చేశామా? అందరూ తెల్లగా రావాలనే కదా అడుగుతారు!”

“వీళ్ళు అడిగారా బావగారూ? గోడౌను వాళ్ళు పంపితే వచ్చి నిలబడ్డారు, మనం తీశాం. ఆ రెండు వందల అరవై మందిలో ఒక్కరైనా నన్ను తెల్లగా చేయండని నోరు తెరిచి అడిగారా?”

బావగారు మాట మార్చి, నా చెల్లెలికి ఇంకెక్కడైనా పని చూద్దామన్నారు. మరి మిగతా వాళ్ళందరికీ కూడా చూస్తారా అన్నాను. దాంతో ఆయనకు కోపం వచ్చింది.

“చూడమ్మాయ్, నాన్న నేర్పించిన పనని ఇన్నాళ్ళూ నీ మాటకి ఎదురు చెప్పలేదు. ఆ కాగితం ఇచ్చావంటే మాత్రం రేపట్నుంచి ఆ కుర్చీలో నువ్వు కూర్చోవు.”

“ముద్ర మీరే ఉంచుకోండి,” అని లేచాను. క్యాలెండరు తీసి పక్కన పడేసి, దాని వెనకున్న పది గళ్ళ అట్టను గోడ నుంచి జాగ్రత్తగా ఊడదీశాను. మామగారు నాకిచ్చిన కెమెరా భుజాన వేసుకున్నాను. ఇంటికి వెళ్ళి మా ఆయనకు చెబితే, అన్నకీ భార్యకీ మధ్య ఇరుక్కోవడం ఎందుకనుకున్నాడో ఏమో, పొద్దున్నే లేపుతాలే అన్నాడు. అంతమాత్రం సాయం చాలనుకున్నాను.

మర్నాడు ఏడింటికి మేనేజరు వచ్చేసరికి నేను గేటు దగ్గరే ఉన్నాను. కాగితం ఇచ్చాను. ‘ఈ ఫోటోల్లో ముఖాల రంగు మార్చింది నేను. మార్చమని వాళ్ళెవరూ అడగలేదు. ఆ ఫోటోలు వాళ్ళవి కావు’ అని రాసి సంతకం పెట్టాను. ఆయన రెండుసార్లు చదివాడు.

“స్టూడియో ముద్ర లేదే?”

“ముద్ర మార్చలేదండీ ముఖాల్ని. నేను మార్చాను.”

ఆయన నా ముఖం చూశాడు, కాగితం చూశాడు, ఎవరికో ఫోను చేసి చాలాసేపు మాట్లాడాడు. వచ్చి సరేనన్నాడు.

గోడ నీడలో, ఎండ నేరుగా పడని చోట, ఒక్కొక్కరినీ నిలబెట్టాను. వరసలోకి వచ్చినవాళ్ళు అలవాటు కొద్దీ చేతులు చాపుతుంటే, డబ్బా ఆవిడ మూత బిగించి సంచిలో వేసుకుంది. ఆవిడ చేతికి అట్ట ఇచ్చి, ప్రతి ముఖం పక్కనా పట్టుకోమన్నాను. మూడో గడి ముఖం, నాలుగో గడి ముఖం, రెండుకీ మూడుకీ మధ్య ముఖం. తీసినవి మేనేజరు గదిలోని కంప్యూటర్లో వేసుకుని కూర్చున్నాను. యూనిఫారం కోట్ల తెల్లటి కాలర్లు పదో గడి దాటకుండా చూశాను. జుట్టు వెనక గోడలో కలిసిపోకుండా నీడల్ని పిసరంత లేపాను. మధ్యలో ఏమీ ముట్టుకోలేదు. పంతొమ్మిదేళ్ళలో అంత తక్కువ పని నేనెప్పుడూ చేయలేదు, అంత సేపు ముఖాలను చూస్తూ కూర్చున్నదీ లేదు.

“ఓహో! నేనిలా ఉంటానని మా ఆయన ఒక్కనాడూ చెప్పలేదే,” అంది డబ్బా ఆవిడ నా భుజం మీంచి తొంగి చూసి. గదిలో మళ్ళీ నవ్వులు. ఈసారి నేనూ నవ్వాను.

మా చెల్లెలిది అందరికంటే ముందు ఎక్కించమన్నాను. మేనేజరు ఎక్కించి, వెళ్ళి నిలబడమన్నాడు. దాని వెనకే నేనూ వెళ్ళాను. అది రుమాలుతో ముఖం ఇంకోసారి గట్టిగా తుడుచుకుని మిషన్ ముందు నిలబడింది. ఒక్క క్షణం ఏమీ కాలేదు. తర్వాత పచ్చ లైటు వెలిగి తలుపు తెరుచుకుంది. నా కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

అది లోపలికి అడుగు వేయబోయి, తలుపు పట్టుకుని వెనక్కి తిరిగింది.

“అక్కా, ఒకటడుగుతాను. మిగతావాళ్ళందరికీ పౌడరు రాస్తే సరిపోయింది. నాకెందుకు సరిపోలేదు?”

అబద్ధం చెప్పొచ్చు. కంప్యూటర్ సంగతులు దానికేం తెలుస్తాయి? కానీ అంత దగ్గర నిలబడి ఆ ముఖం చూస్తూ చెప్పలేకపోయాను.

“అందరికీ ఆ బటన్ ఒకసారి నొక్కాను. నీకు రెండుసార్లు నొక్కాను,” అన్నాను. “నా చెల్లెలివి కదా, నువ్వు అందరికంటే బాగా రావాలని.”

దాని చెయ్యి ఎడమ కంటి కిందకి వెళ్ళింది. మచ్చను వేలితో తడుముకుంది.

“ఇది కూడా కనపడలేదా నీకు?”

తల కొట్టేసినట్టయింది నాకు. నిన్నటి నుంచి మిషన్ మీద, మేనేజరు మీద, బావగారి మీద పడ్డ నా కోపానికి అక్కడ ఒక్క మాట కూడా దొరకలేదు. చూడలేదే, అని మాత్రం అన్నాను.

“ఇంకెప్పుడూ నన్ను బాగుచేయకక్కా,” అంది. కోపంగా అనలేదు, మామూలుగానే అంది. లోపలికి వెళ్ళింది. తలుపు మూసుకుని పచ్చ లైటు ఆరిపోయింది. మిషన్ మీద గడియారం చూశాను. తొమ్మిదికి ఇంకా పది నిమిషాలుంది.